పైడితల్లి మిషను, నా కడుపుమంట

మా పాత ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు కొందరు ఈ మధ్య కనిపించి, నా అనుభవాలు రాయమన్నారు. చేసినప్పుడు తప్పు అంటారు, పదేళ్లు గడిచాక దాన్నే అనుభవం అంటారు. ఆ లెక్కన నా దగ్గర కావలసినంత ఉంది. అయితే ఈసారి రాసేది పదేళ్ల నాటిది కాదు, రిటైరు కావడానికి ఏడు నెలల ముందుది. ఇంకా తప్పుగానే ఉంది.

నా పేరు నీలకంఠం. శివుడు విషాన్ని గొంతు దగ్గరే ఆపాడు. నాకు కడుపు దాకా దిగింది.

వెనకేసుకోవడం

ఒడిశాలో సెమిలిగుడ కూడలిలో, లారీల హారన్లకు కిటికీ అద్దాలు వణికే మేడ మీద మా ఆఫీసు. భూములు కొలిచి పటాలు గీసే చిన్న ప్రైవేటు సంస్థ. రాయగడలో ఒక బ్రాంచి, గుడారి వైపు కొండ ఊళ్లలో కొలతల క్యాంపు. నేను సిస్టమ్స్ ఇన్‌ఛార్జిని. పేరుకే ఇన్‌ఛార్జిని, ఆ సిస్టమ్స్ ఎన్నడూ నా మాట విని ఎరగవు. అంతకుముందు దామంజోడిలో కంప్యూటరు క్లాసులు నడిపాను కనుక అందరూ నన్ను మేస్టారూ అనే పిలిచేవారు.

నా ముప్పై ఏళ్ల ఉద్యోగాన్ని ఒక్క మాటలో చెప్పాలంటే కాపీలు కొట్టడం. బళ్లో కొడితే బెత్తంతో కొట్టారు, ఇక్కడ జీతమిచ్చారు. అందరి కొలతలూ, పటాలూ, ఫొటోలూ ఆఫీసులో ఒకే పెట్టెలో ఉంటాయి. ఎవరి కంప్యూటరులో చూసినా ఆ పెట్టె ఎల్, ఎమ్, ఎన్ అని మూడు నెట్‌వర్క్ డ్రైవులుగా కనిపిస్తుంది. ఆ మూడింటినీ రోజూ మరో డిస్కులోకి ఎక్కించడమే బ్యాకప్. నేను దాన్ని వెనకేసుకోవడం అంటాను. ఇంటికి నేను వెనకేసింది ఏమిటని మా ఆవిడ అడిగినప్పుడల్లా ఈ డిస్కులే చూపించాను.

చేరిన కొత్తలో ఒకసారి తిరగేసి కాపీ కొట్టాను. కొత్త పనిని పాత డిస్కులోకి ఎక్కించాల్సింది పోయి, పాతదాన్ని తెచ్చి కొత్తదాని మీద పరిచాను. నాలుగు రోజుల కాలువ పటాలు మాయమయ్యాయి. పని ఇచ్చిన ఇంజనీరు వచ్చి ఎవరు చేశారని అరుస్తుంటే అప్పటి యజమాని, మేం పెద్దాయన అనేవాళ్లం, లేచి నిలబడ్డారు. "కుర్రోణ్ణి ఏటీ అనకండి. నానే తొందర పెట్టేను" అన్నారు. ఫైళ్లను నేను వెనకేసుకుంటే నన్ను ఆయన వెనకేసుకొచ్చారు. ఆ రోజు నుంచి కాపీకి ముందు ఎటు నుంచి ఎటు అన్నది స్క్రీను మీద వేలు పెట్టి పైకి చదివేవాణ్ణి. మీరూ చదవండి. నవ్వేవాళ్లు నవ్వుతారు, నవ్వినందువల్ల ఫైళ్లు పోవు.

ఒంటిగంట నుంచి రెండు దాకా నా వేళ. అందరూ భోజనానికి దిగిపోతారు. ఫైళ్లు మూసి ఉంటాయి కాబట్టి కాపీ శుభ్రంగా వస్తుంది. ఒక చేత్తో అన్నం కలుపుతూ, ఇంకో చేతిని మౌసు మీద పెట్టుకుని కూర్చునేవాణ్ణి. ఖాళీ ఆఫీసులో ఆ గంట సేపూ నేను లేకపోతే కంపెనీ లేదు. అంత గొప్ప గంట ఎవరికుంటుంది?

దగ్గర మనిషి ఉండక్కర్లేదు

అప్పుడు పైడితల్లి వచ్చింది. గుణుపురం పక్క పల్లెలో వ్యవసాయం చేసుకునే కుటుంబం, తాతల నాడు శ్రీకాకుళం నుంచి వచ్చినవాళ్లు. ఆ ఇంట్లో పొలం గట్టు దాటి ఉద్యోగానికి వచ్చిన మొదటి మనిషి ఆ అమ్మాయే. ఏడాది కాంట్రాక్టు మీద నాకు సహాయంగా వేశారు. చేరిన రెండో వారం నా కంచం పక్కన నిలబడి అంది:

"మేస్టారూ, రోజూ మీరిలాగ కూకోనక్కర్లేదండి. ఆ మూల పడున్న పాత డెస్క్‌టాప్ నాకిచ్చీండి. అదే సేసేసుకుంటాది."

"ఏటి సేసేసుకుంటాది?"

"కాపీ. ఒంటిగంటకి మూడు డ్రైవులూ సదివీసి, పక్కన ఎట్టిన పెద్ద డిస్కులో ఆ రోజు తేదీతోటి ఫోల్డరు ఎట్టీసి, ముగిసింది అని నా ఫోనుకి కబురంపుతాది. దగ్గర మనిసి ఉండక్కర్లేదు."

దగ్గర మనిషి ఉండక్కర్లేదట! ఆ మనిషిని నేనే కదా.

వారం రోజుల్లో చేసి చూపించింది. ఒంటిగంట కొట్టగానే పెద్ద డిస్కు మీద నీలం దీపం టపటప కొట్టుకోవడం, రెండయ్యేలోగా ఆగిపోవడం. అన్నం కలపకుండా, మోకాలు నొప్పి అనకుండా. ముందు నేను కుళ్లుకున్నది ఆ అమ్మాయిని చూసి కాదు, ఆ డబ్బాను చూసి. మనిషిని చూసి కుళ్లుకుంటే కనీసం ఎదురుపడ్డప్పుడు పలకరించకుండా పగ తీర్చుకోవచ్చు. డబ్బాతో ఏం చేస్తాం?

పెద్దాయన కొడుకు ధర్మారావుగారు ఇప్పటి యజమాని. సగం తెలుగు, సగం ఒడియా మనిషి. ఒడియాలో సరే సరే అన్నట్టు "హవు, హవు!" అని తెగ మురిసిపోయి, అప్పటిదాకా నేను కాపీలు ఎక్కించిన పోర్టబుల్ డిస్కును తానే బీరువాలో పెట్టించారు. "మేస్టారూ, మరింక మీరు సుకంగా బోంచెయ్యండి" అన్నారు. తరువాత అందరి ముందూ ఆ అమ్మాయితో ఇంకో మాట కూడా అన్నారు.

"ఇదిగో అమ్మీ, దసరా దాకా ఇది ఆగకుండా నడిసిందంటే నీ ఉద్యోగం పర్మనెంటు. ఆగిందా, నీ కాంట్రాక్టు కూడా అక్కడే ఆగుతాది. సరేనా?"

సరేనంది. ఆ రోజు నుంచి ఆ అమ్మాయి బతుకు ఆ పాత డెస్క్‌టాప్ మీద ఆధారపడింది. నేను దసరా కోసం రోజులు లెక్కపెట్టాను. ఆ అమ్మాయి కంటే శ్రద్ధగా, వేరే కారణానికి.

నాకు భోజనం సుఖంగా లేదు. ప్రింటరు ఆగితే "పైడిగారూ" అని పిలిచేవారు. కింద టీ కొట్టువాడు అల్లం టీ ముందు ఆ అమ్మాయికి పంపి, అడుగున మిగిలింది నాకు పంపేవాడు. కొలిచి చూశాను, నిజం.

విశ్వకర్మ పూజ

మా వైపు ఆఫీసుల్లో, షెడ్లలో విశ్వకర్మ పూజ ఎలా జరుగుతుందో తెలియనివారికి చెప్పాలి. ఆ రోజు యంత్రం పని చేయకూడదు. ఏడాదంతా మనకు చాకిరీ చేసిన వాటికి ఆ ఒక్క రోజు సెలవు. పటాలు అచ్చువేసే ప్లాటరుకు బంతిపూల దండ, కంప్యూటర్లకు సిందూరం బొట్లు, కొలత యంత్రాలకు అక్షింతలు. మౌసుకు కూడా దండ వేస్తారు, వినాయకుడి వాహనం కదా అంటారు. ఆపైన మా ఆఫీసు ఆనవాయితీ ఒకటుంది. యజమాని కొబ్బరికాయ కొట్టి, తన చేత్తో మెయిన్ స్విచ్ దించుతారు, ఇన్వర్టరు కూడా ఆపేస్తారు. మళ్లీ మర్నాడు ఉదయమే ఎత్తడం.

పైడితల్లి అంతకు వారం ముందే రాయగడ బ్రాంచికి వెళ్లింది. అక్కడ కొత్త కంప్యూటర్లు పెట్టాలి, దసరా దాకా ఉండాలి. వెళ్లేముందు మిషను పాస్‌వర్డు రాసి పెట్టిన కవరు తెచ్చి నా చేతికిచ్చింది.

"మేస్టారూ, మిషను మీద కాస్త కన్నేసి ఉంచండి."

"మనిసి అక్కర్లేదని నువ్వే సెప్పేవు కదమ్మీ?"

"అక్కర్లేదనుకోండి. అయినా మీరున్నారంటే నాకు దైర్నం."

కవరు సొరుగులో వేశాను. కన్ను కూడా వేశాను. ఎలాంటి కన్నో ఆ అమ్మాయికి తెలియదు.

పూజ మర్నాడు మెయిన్ ఎత్తారు. పాత డెస్క్‌టాప్ తనంతట తానే లేచింది, అలా లేచేలా ఆ అమ్మాయే పెట్టింది. ఒంటిగంట అయింది. నేను కంచం ముందు పెట్టుకుని నీలం దీపం వైపు చూశాను. వెలగలేదు. లేచి వెళ్లి చూస్తే స్క్రీను మీద సిందూరం బొట్టు, బొట్టు కింద పాస్‌వర్డు అడుగుతున్న గడి.

ఈ వృత్తిలోకి వచ్చేవారు ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. కంప్యూటరు లేవడం వేరు, అందులోకి మనిషి ప్రవేశించడం వేరు. ఎల్, ఎమ్, ఎన్ అనే ఆ అక్షరాలు ఎవరో ఒకరు లాగిన్ అయితేనే పుడతాయి. పెట్టిన మొదటి రోజు పైడితల్లి లాగిన్ అయింది. ఆ తరువాత మిషను ఎన్నడూ ఆగలేదు కాబట్టి ఆ అవసరం మళ్లీ రాలేదు, గుర్తూ రాలేదు. ఇప్పుడు ఒంటిగంటకు ప్రోగ్రాము లేచింది, డ్రైవుల కోసం చూసింది, ఒక్కటీ లేదు. తేవడానికి ఏమీ లేదు కనుక ఖాళీ ఫోల్డరు ఒకటి పెట్టి, ముగిసింది అని కబురంపింది. సంతకు పంపితే ఖాళీ సంచితో తిరిగొచ్చి, సంత అయిపోయిందండీ అనే మనిషి లాంటిది.

నా పని ఎంత? సొరుగు లాగడం, కవరు చింపడం, పాస్‌వర్డు కొట్టడం. అర నిమిషం.

నేను సొరుగు లాగలేదు. బీరువా తెరిచాను. నా పోర్టబుల్ డిస్కు తీసుకుని, నా కుర్చీలో కూర్చుని, ఎటు నుంచి ఎటు అన్నది పైకి చదివి, మూడు డ్రైవులూ కాపీ కొట్టాను. డేటా పోకూడదు, పరువు మాత్రం పోవాలి. నా కుళ్లుకు కూడా వృత్తి ధర్మం ఉందన్నమాట.

మూడు వారాల సంతోషం

ఆ మూడు వారాలు నేను అంత ఆనందంగా ఎప్పుడూ లేను. రోజూ ఒంటిగంటకు వెలగని దీపం ఎదుట కూర్చుని అన్నం తింటుంటే పప్పుచారు కూడా పాయసంలా ఉండేది. ఇంట్లో మా ఆవిడ అనుమానంగా చూసింది. "ఏటండీ, ఈ మద్దిని ఒక్కలే నవ్వుకుంటన్నారు?" అంది. ఆఫీసు పని బాగుందన్నాను.

రాయగడ నుంచి ఒకసారి పైడితల్లి ఫోన్ చేసింది.

"మేస్టారూ, మిషను బాగుందేటి?"

"ఏ గొడవా లేదమ్మీ."

అబద్ధం కాదు. గొడవ చెయ్యాలంటే అది ఏదో ఒక పని చెయ్యాలి కదా. ఇలా మాట తిప్పి తప్పించుకోవడం నాకు చిన్నప్పటి నుంచీ వచ్చు. ఈ వ్యాసంలో మిగతా తప్పులన్నీ కుళ్లు ఖాతాలో వేసుకోండి. ఈ ఫోను మాట మాత్రం విడిగా నా పేరు మీదే ఉంచండి.

ఖాళీ సంచులు

దసరా నాలుగు రోజులుందనగా ఉదయం ఎవరి కంప్యూటరులోనూ డ్రైవులు కనపడలేదు. పెట్టె తెరిస్తే లోపల బల్లి. కరెంటు భాగంలో దూరి, అది చచ్చి, లోపలి డిస్కులను కూడా తనతో తీసుకుపోయింది. క్యాంపువాళ్లు ప్రతి శనివారం కొలతలు పెట్టెలోకి ఎక్కించి, కొలత యంత్రం ఖాళీ చేసుకుంటారు. అంటే గుడారి వైపు కొండ ఊళ్లలో, ఊరివాళ్లను వెంటబెట్టుకుని గట్టు గట్టూ తిరిగి తీసిన మూడు వారాల కొలతలు వాళ్ల దగ్గర కూడా లేవు.

"గాబరా ఏటి? పైడి మిషను ఉంది కదా!" అన్నారు ధర్మారావుగారు.

ఆ అమ్మాయి రాయగడలో దొరికిన మొదటి బస్సెక్కి వచ్చింది. భుజాన సంచి దించకుండానే డిస్కు తెరిచింది. తేదీల వారీగా ఫోల్డర్లు, పూజ రోజు మినహా ఒక్కటీ తప్పకుండా. పూజ మర్నాటి నుంచి ప్రతిదీ ఖాళీ. ఒకటి తెరిచింది, ఇంకోటి తెరిచింది, తరువాత తెరవడం ఆపేసింది.

"కబురు రోజూ వచ్చింది బాబూ. సూడండి" అని ఫోను చూపించింది. వరసగా ముగిసింది, ముగిసింది, ముగిసింది.

"అవునమ్మీ, ముగిసింది" అన్నారు ధర్మారావుగారు మెల్లగా. "దసరాకి ఇంటికెళ్తావు కదా, మరి తిరిగి రానక్కర్లేదు."

నేను ఎదురుచూసిన ఘడియ ఇదే. బీరువా దగ్గరికి నడిచాను, మామూలుకన్నా నెమ్మదిగా. డిస్కు తెచ్చి బల్ల మీద పెట్టాను.

"అన్నీ ఉన్నాయి. నిన్న మద్దేన్నం దాకా."

గది గోల గోలైంది. ధర్మారావుగారు నన్ను కౌగిలించుకున్నంత పని చేశారు. "మనిసి మనిసే, మిషను మిషనే! దసరానాడు మీకు శాలువా కప్పకపోతే సూడండి, మేస్టారూ!" టీ కొట్టు నుంచి అల్లం టీ వచ్చింది, ముందుగా నాకు. వేడిగా, మీగడతో. తాగాను. చెప్పడానికి సిగ్గేస్తుంది గానీ, చాలా బాగుంది.

తేదీలు

నా డిస్కులోంచి ఫైళ్లను కొత్త పెట్టెలోకి ఎక్కించే పని పైడితల్లికే పడింది. ఉద్యోగం పోయినా పని పోలేదు పాపం. సాయంత్రం స్టాఫంతా వెళ్లాక నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. గొంతు పెంచలేదు.

"మేస్టారూ, మీ డిస్కులో కాపీలు పూజ మర్నాడు మళ్లీ మొదలయ్యేయి."

"అయితే ఏటి?"

"దానికి ముందు రెండు నెల్లు ఒక్కటీ లేదు. నా మిషను నడిసినన్నాళ్లూ మీరు కాపీ ఎట్టలేదు. ఆగిన రోజునే మొదలెట్టేరు. మీకు తెలుసు కదా?"

ముప్పై ఏళ్లు ఫైళ్ల తేదీలు చూసి ఇతరుల తప్పులు పట్టినవాణ్ణి. నా సొంత డిస్కు నా మీద సాక్ష్యం చెబుతుందని తోచలేదు. ఒక మాట తిప్పుదామని చూశాను. ఆ అమ్మాయి ఆ అవకాశం ఇవ్వలేదు.

"ఒక్క ఫోను సేస్తే సరిపోయీది" అంది. "పోన్లెండి. లాగిన్ సంగతి మర్సిపోయింది నేనే. ఫోల్డర్లో ఏటుందో సూడకుండా ముగిసిందంటే నమ్మీసింది నేనే. మీరేటీ సెయ్యలేదు."

మీరేమీ చెయ్యలేదు. తిట్టినా బాగుండేది.

ఆ అమ్మాయి మెట్లు దిగుతుంటే వింటూ కూర్చున్నాను. తరువాత ధర్మారావుగారి గదిలోకి వెళ్లాను. ఆయన బీరువాకు తాళం వేస్తున్నారు.

"బాబూ, ఆ శాలువా వద్దు. మిషను ఆగిందని నాకు మొదటి రోజే తెలుసు. పాస్‌వర్డు కూడా నా సొరుగులోనే ఉంది."

ఆయన తిరిగి చూశారు. "తెలిస్తే సెప్పలేదేటి?"

"కుళ్లు."

ఆయన తాళంచెవుల గుత్తి జేబులో వేసుకున్నారు.

"మీకింకా ఎన్నాళ్లుంది, మేస్టారూ?"

"ఏడు నెలలు."

"ఆ పిల్లకి ఇంకా ముప్పై ఏళ్లుంది" అన్నారు. "ఆ పిల్ల ఉంటాది. ఈ ఏడు నెల్లూ మీరు ఆ పిల్ల కింద పని సేస్తారు. ఇష్టం లేకపోతే ఇప్పుడే సెప్పీండి."

ఇష్టం లేదు. చేస్తానన్నాను.

ఆ ఏడు నెలలు

పర్మనెంటు మాత్రం దసరాకు కాలేదు, సంక్రాంతి వెళ్లాక అయింది. ఆలస్యమైన ఆ మూడు నెలలు నా వల్ల పోయినవే.

ఈలోగా ఆ అమ్మాయి మిషనుకు నాలుగు బుద్ధులు చెప్పింది. అవి మీకూ పనికొస్తాయి. మిషను ఇప్పుడు డ్రైవులను అక్షరాలతో కాకుండా నెట్‌వర్కులో వాటి పూర్తి చిరునామాతో పిలుస్తుంది, అక్కడికి వెళ్లే పాస్‌వర్డును కూడా ఆ అమ్మాయి ప్రోగ్రాముకే ఇచ్చింది, కాబట్టి మనిషి లాగిన్ కాకపోయినా చేరుతుంది. ముగిసింది అనే కబురులో ఎన్ని ఫైళ్లు, మొత్తం ఎంత బరువు అన్నది కూడా రాస్తుంది. సున్నా వస్తే కబురు కాదు, కేకే వేస్తుంది. వారానికోసారి ఏదో ఒక ఫైలును కాపీలోంచి వెనక్కి తెచ్చి, తెరిచి చూస్తారు. తెరిచి చూడని కాపీ, చూడకుండా చేసుకున్న పెళ్లి లాంటిది. బాగుండవచ్చు, కానీ నమ్మకం మీద ఉన్నట్టే. ఇవేవీ ముప్పై ఏళ్లలో నాకు తట్టలేదు. నాకు తట్టలేదన్న సంగతి ఆ అమ్మాయికి తట్టినా, పైకి అనలేదు. అది ఇంకా మంట.

యంత్రం ఆగితే ఎవరో ఒకరు బాగుచేస్తారు. పక్కవాడు నోరు తెరవకపోతే దానికి మెకానిక్కు లేడు. మీ పక్కన మీకంటే తెలివైనవాళ్లు వచ్చి కూర్చున్న రోజున ముందు ఫోను తీసి వాళ్ల నంబరు కొట్టండి. తరువాత తీరిగ్గా కుళ్లుకోండి, ఎవరూ కాదనరు.

చివరి రోజు నా ఫోను అడిగి తీసుకుని ఏదో చేసి తిరిగిచ్చింది.

"ఏటి సేసేవు?"

"రోజూ ఒంటిగంట కబురు మీక్కూడా వచ్చేలాగ ఎట్టేను."

"నేను ఎల్లిపోతుంటే నాకెందుకమ్మీ?"

"నేనైతే ముగిసింది అన్న మాట సూసి ఊరుకుంటాను, మేస్టారూ. మీరు తప్పు దొరుకుతాదేమోనని అక్షరం అక్షరం సదువుతారు. అలాగ సదివే మనిసి ఆఫీసులో మరొకరు లేరు."

పొగిడిందో పొడిచిందో తెలియలేదు. రెండూ చేసే తెలివి ఉంది ఆ అమ్మాయికి.

రిటైరయ్యాక ఒక్క కబురు కూడా చదవకుండా వదల్లేదు. మొన్న ఫైళ్ల సంఖ్య ముందురోజుకన్నా నలభై తగ్గింది. గుండె ఎగిరి గంతేసింది. చేతిలో ముద్ద కంచంలో వదిలేసి ఫోన్ చేశాను.

"అమ్మీ, నలభై తగ్గేయి!"

"క్యాంపువాళ్లు మసకగా వచ్చిన ఫొటోలు తీసీసేరు, మేస్టారూ. నిన్ననే నాకు సెప్పేరు. అయినా బలే పట్టీసేరు." అవతల కాగితాల చప్పుడు వినిపించింది. "ఇంకేటైనా తేడా కనబడిందేటి?"

కబురు మళ్లీ మొదటి నుంచి చివరి దాకా చదివాను. లైన్లో ఆ అమ్మాయి ఓపికగా ఆగింది.

"లేదమ్మీ. అంతా బాగానే ఉంది" అన్నాను. తను చేరిన నాటి నుంచీ ఆ అమ్మాయితో నేను మాట తిప్పకుండా చెప్పిన మొదటి నిజం అదే.